పంపానా? పంపనా? – నోటి నడుమ పుట్టే అచ్చులు

(రేడియో ప్రసంగ పాఠం)

 

ఈ వారం ఒక చిన్న చిక్కుతో మొదలుపెడదాం. మనలో చాలామంది ఇంటికి మెసేజిలు పంపేటప్పుడు తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం. ఫోనుల్లో తెలుగు అక్షరాలు వచ్చి చాలా ఏళ్ళయినా పాత అలవాటు పోలేదు. నెలాఖరున ఊరినుంచి "డబ్బు సంగతి ఏమైంది?" అని అడుగుతారు. ఇక్కడినుంచి పి, ఏ, ఎం, పి, ఏ, ఎన్, యు అని ఏడక్షరాలు కొట్టి మన పనిలో మనం పడిపోతాం. అక్కడ పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చదువుతాడు. అది 'పంపాను' అనా, 'పంపను' అనా? ఒకటైతే రేపు బ్యాంకుకి వెళ్ళాలి, రెండోదైతే ఇంట్లో గొడవ. 'మందు మింగాను – మింగను', 'ఆస్పత్రికి వెళ్ళాను – వెళ్ళను', ఇవన్నీ అదే కోవ.

ఇదే నోటితో చెబితే ఎవరికీ అనుమానం రాదు. ఎందుకు రాదు? ఒకదాంట్లో దీర్ఘం ఉంది, ఇంకోదాంట్లో లేదు కనక అని మీరనొచ్చు. అది సగమే నిజం. కోస్తా జిల్లాల వాళ్ళెవరినైనా 'డబ్బు పంపాను' అనమని, ఆ 'పా'ని జాగ్రత్తగా వినండి. అది 'పాము'లో 'పా' కాదు. 'బ్యాంకు'లో 'బ్యా' ఉంది చూడండి, ఆ అచ్చుకి దగ్గర. మన లిపిలో దానికి వేరే గుర్తు లేదు. అంచేత ఆకారంతో రాసి ఊరుకుంటున్నాం. పాత పుస్తకాల్లో కొందరు 'పంపేను' అని ఏకారంతో రాసింది కూడా ఈ శబ్దాన్నే. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు (1928–2012) దీన్ని నేటి తెలుగులో ప్రత్యేకమైన అచ్చుగానే లెక్కపెట్టారు. ఈ శబ్దం పలికేటప్పుడు నాలుక ముందుకొస్తుంది. 'పంపను'లో రెండో 'ప' దగ్గర మాత్రం నాలుక ముందుకీ పోదు, వెనక్కీ పోదు, నోటి నడుమన పడుకుంటుంది. అంటే తేడా కాలంలోనే కాదు, స్థలంలో కూడా ఉంది. రాయాల్సిన డబ్బు వచ్చిందో లేదో అన్నది నాలుక ఎక్కడుందన్న దాని మీద ఆధారపడి ఉందన్నమాట!

ఈ నడుమ పుట్టే అచ్చుల గురించే ఇవాళ్టి కబుర్లు. ధ్వనిశాస్త్రం పుస్తకాల్లో వీటిని మధ్యాచ్చులంటారు. నేను నడిమి అచ్చులు అంటాను, చెవికి తేలిగ్గా ఉంటుందని.

చిన్న పని చేయండి. కారు నడుపుతున్నవాళ్ళు వద్దులెండి, ఇంట్లో ఉన్నవాళ్ళు చేయండి. అద్దం ముందు నిలబడి 'ఈ...' అని సాగదీసి, ఆపకుండా 'ఊ...' లోకి వెళ్ళండి. రెండు పనులు జరిగాయి. నాలుక ముందునుంచి వెనక్కి జరిగింది. పెదవులు గుండ్రంగా ముడుచుకున్నాయి. ఇప్పుడు అదే మళ్ళీ చేయండి, కానీ పెదవుల్ని వేళ్ళతో పట్టుకుని కదలనివ్వకండి. నాలుకని మాత్రం నెమ్మదిగా వెనక్కి జరపండి. దార్లో ఎక్కడో ఈ కానిది, ఊ కానిది, గొంతు పట్టేసినట్టుండే ఒక శబ్దం వస్తుంది. రష్యను భాషలో అలాంటి దానికి ఒక అక్షరమే ఉంది. అది నడిమి అచ్చుల్లో పైమెట్టు. ఇక 'అ' అనండి. గడ్డం కిందికి దిగింది. అది నడిమి వరసలో కిందిమెట్టు. ఈ రెండిటికీ మధ్య, గడ్డం సగం దింపి, పెదవులు వదిలేసి, నాలుకకి ఏ పనీ చెప్పకుండా ఊరికే గొంతు మోగిస్తే వచ్చేది నట్టనడిమి అచ్చు. ఏదైనా మర్చిపోయి 'అ...' అని నసుగుతాం చూడండి, ఇంచుమించు అదే.

1886లో మొదలైన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం వాళ్ళు వేసే అచ్చుల పటంలో ఈ నడిమి వరసకి ఎనిమిది గుర్తులున్నాయి. ఎనిమిదీ వాడే భాష మనకెవరికీ తగలదు, కంగారు పడకండి. అన్నిటికీ నడుమన ఉన్న దానికి గుర్తు, ఇంగ్లీషు బడిలో అయిదో అక్షరంగా నేర్చుకునే చిన్న 'ఈ'ని తలకిందులు చేసి పెట్టింది. పంతొమ్మిదో శతాబ్దపు జర్మను పండితుడు యోహాన్ ఆండ్రియాస్ ష్మెల్లర్ ఈ తలకిందుల అక్షరాన్ని మొదట వాడాడు. దాని పేరు 'ష్వా'. పేరు హీబ్రూ నుంచి వచ్చింది. హీబ్రూ రాతలో అక్షరం కింద పెట్టే రెండు చుక్కల గుర్తుకి ఆ పేరు.

దీన్ని నట్టనడిమి అచ్చు అనడానికి కొలతతో కూడా ఒక కారణం ఉంది. పెద్దవాళ్ళ గొంతులో ధ్వని పుట్టే చోటునుంచి పెదవుల దాకా ఉన్న దారి సుమారు పదిహేడున్నర సెంటీమీటర్ల గొట్టం అనుకోండి. ఒక చివర మూసి, ఇంకో చివర తెరిచి, మధ్యలో ఎక్కడా నొక్కులు లేని గొట్టం. అలాంటి గొట్టం 500, 1500, 2500 హెర్ట్జుల దగ్గర మోగుతుందని ఇంటరు ఫిజిక్సులోనే లెక్క కట్టొచ్చు. ష్వా పలికినప్పుడు గొంతు ఇంచుమించు ఈ లెక్క ప్రకారమే మోగుతుంది. మిగతా అచ్చులన్నీ ఆ గొట్టాన్ని నాలుకతో ఎక్కడో ఒకచోట నొక్కి పుట్టించేవే. వేణువు వాయించేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువసార్లు వినపడే అచ్చు ఇదే. విచిత్రం ఏమిటంటే దానికి సొంత అక్షరం లేదు. ఉన్న అయిదు అచ్చు అక్షరాలూ వంతులవారీగా దీని వేషం వేస్తాయి. 'అబౌట్' అనే మాటలో మొదటి 'ఏ', 'ప్రాబ్లమ్'లో 'ఈ', 'పెన్సిల్'లో 'ఐ', 'లండన్'లో రెండో 'ఓ', 'సర్కస్'లో రెండో అచ్చుగా వచ్చే 'యు', అన్నీ ఇంగ్లీషువాడి నోట్లో ఒకటే. మాటలో బరువు ఏ భాగం మీద పడుతుందో అక్కడ అచ్చు నిండుగా ఉంటుంది. బరువు లేని చోట అచ్చు నీరసించి నోటి నడుమకి జారుకుంటుంది. 'ఫోటోగ్రాఫ్' అన్నప్పుడు బరువు మొదట్లో ఉంది కాబట్టి 'ఫో' నిండుగా ఉంటుంది. దానికి 'ఈ' చేర్చగానే బరువు 'టా' మీదికి పోయి, 'ఫో' కాస్తా ఫ-కాని-ఫ అయిపోతుంది. బడిలో స్పెల్లింగులు ఎందుకంత ఏడిపిస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది. చెవికి ఒకటిగా ఉన్నదాన్ని చేతికి అయిదుగా నేర్పాలి మరి.

మన పెద్దలు ఇంగ్లీషు మాటల్ని తెలుగులోకి తెచ్చుకున్నప్పుడు ఏంచేశారో చూడండి, ముచ్చటగా ఉంటుంది. చెవితో విని తెచ్చుకున్న మాటల్లో నడిమి అచ్చు వినపడ్డచోటల్లా 'అ' పెట్టారు. లండన్, కలర్, సర్కస్, గవర్నరు. లండన్ స్పెల్లింగులో రెండు 'ఓ'లు ఉన్నా మనవాళ్ళు ఒక్క ఒకారం కూడా రాయలేదు! కాగితం మీద చూసి తెచ్చుకున్న మాటల్లో మాత్రం అక్షరాన్నే నమ్ముకున్నారు. ప్రొఫెసర్, సొసైటీ, పెన్సిల్. ఒక మాట ఓడలో వచ్చిందో పుస్తకంలో వచ్చిందో దాని తెలుగు స్పెల్లింగు చూసి చాలాసార్లు చెప్పేయొచ్చు.

ఇంతకీ తెలుగులో బరువు లేని అచ్చు ఏమవుతుంది? ఇది అసలు విషయం, కాస్త నిదానంగా చెప్పుకుందాం.

మనకీ మాట మధ్యలో ఉండే హ్రస్వాలు బలహీనమైనవే. కానీ అవి నడుమకి జారవు. పక్కింటి రంగు పూసుకుంటాయి. 'చదువు' అనే క్రియ తీసుకోండి. చదువుతాడు, చదివాడు, చదవడు. మధ్య అక్షరం ఒకసారి 'దు', ఒకసారి 'ది', ఒకసారి 'ద'. 'అడుగు' తీసుకుంటే అడుగుతారు, అడిగారు, అడగరు. 'కలుపు' తీసుకుంటే కలుపుతాం, కలిపాం, కలపం. చివర వచ్చే ప్రత్యయం ఏ రంగుదైతే మధ్యలో అచ్చు ఆ రంగుకి మారుతోంది. 'మనిషి' బహువచనంలో 'మనుషులు' అయిందీ, 'పులి' కాస్తా 'పులులు' అయిందీ ఇందుకే. ఇంగ్లీషులో బలహీనమైన అచ్చు రంగు వెలిసిపోతుంది, తెలుగులో కొత్త రంగు వేసుకుంటుంది. మరీ తొందరగా మాట్లాడితే పూర్తిగా తప్పుకుంటుంది కూడా. 'పిలిచాడు' 'పిల్చాడు' అవుతుంది, 'తెలిసింది' 'తెల్సింది' అవుతుంది. ఉంటే నిండుగా ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు. నసుగుడు లేదు.

ఇప్పుడు మన పిల్లల సంగతికి రండి. ఇక్కడ పుట్టి, బడిలో ఇంగ్లీషు, ఆటలో ఇంగ్లీషు, టీవీలో ఇంగ్లీషుతో పెరిగిన పిల్లలు తెలుగు మాట్లాడితే అమ్మమ్మలు "ఏంటోనమ్మా, వాడి మాట సగం అర్థం కాలేదు" అంటారు. మాటలు తెలియక కాదు, పిల్లలకి మాటలు బాగానే వచ్చు. వాళ్ళు చేసే పనల్లా మొదటి అక్షరం మీద బరువు వేసి, మధ్య అచ్చుల్ని ష్వా లోకి దించెయ్యడం. మన భాష పేరే చూడండి. ఇంగ్లీషు నోట్లో అది 'టెలగూ' లాగా వస్తుంది. 'లు'లో ఉకారం నడుమకి జారిపోయింది, చివరి ఉకారం సాగింది. అలాంటి నోటితో 'అడిగారు', 'అడగరు' అంటే ఏమవుతుందో ఊహించండి. మధ్యలో 'డి', 'డ' రెండూ ఒకటే అయిపోయాయి. దీర్ఘం కూడా పోతే ఇక రెండు మాటలకీ తేడా మిగల్లేదు. "తాతగారు అడిగారు" అని చెప్పబోయి "తాతగారు అడగరు" అని చెప్పినట్టవుతుంది. "పుస్తకం చదివాను" అన్న పిల్లవాడు "చదవను" అన్నట్టు వినపడితే, ఫోను అవతల ఉన్న పెద్దావిడ పిల్లవాడికి పొగరెక్కిందనుకుంటుంది. నిజానికి అక్కడ జరిగింది ఒక అచ్చు జారడం, అంతే.

అందుకని పిల్లల్ని "సరిగ్గా పలుకు" అని కసరడం వల్ల లాభం లేదని నా అభిప్రాయం. వాళ్ళ చెవికి అది తప్పుగా వినపడదు, వాళ్ళకి తెలిసిన భాషలో బరువు లేని అచ్చు అలాగే ఉండాలి. ఏది జారుతోందో చూపించాలి. అది ఎలాగో చివర్లో చెబుతాను.

మన ఇరుగుపొరుగు సంగతి కూడా చెప్పుకోవాలి. ఒమాన్‌లో కిరాణా కొట్టుకి వెళ్తే మలయాళీ సోదరులు తప్పకుండా కనిపిస్తారు కదా. ఈసారి వెళ్ళినప్పుడు 'ఆరు' అంకె వాళ్ళ నోట వినండి. మనం 'ఆరు' అని చివర పెదవులు గుండ్రంగా చుడతాం. వాళ్ళు చుట్టరు. 'ఆర్' అనీ కాదు, 'ఆరు' అనీ కాదు, చివర చిన్న నడిమి అచ్చు ఒకటి తగిలించి వదిలేస్తారు. బస్సుని మనం 'బస్సు' అని నిండా అంటాం, వాళ్ళు 'బస్స్' తరవాత ఆ నడిమి అచ్చు పెడతారు. ఇది బద్ధకం కాదు. మలయాళంలో దీనికి వ్యాకరణంలో చోటుంది, పేరుంది, రాతలో గుర్తుంది. పేరు సంవృతోకారం, అంటే మూసుకున్న ఉకారం. రాతలో చివరి అక్షరం మీద చంద్రక్కల అనే చిన్న వంకీ పెడతారు. మన పొల్లు లాంటిదే, కానీ మాట చివర అది పొల్లు కాదు, అచ్చు. అర్థాన్ని కూడా మార్చేస్తుంది. 'వన్ను' అని నిండు ఉకారంతో అంటే 'వచ్చాడు' లేదా 'వచ్చింది' అని. అదే ఉకారాన్ని మూసి నడిమికి లాగితే 'వచ్చి' అని, వాక్యం ఇంకా అవలేదని. మనకి 'పంపాను, పంపను' ఎలాగో వాళ్ళకి ఇది అలాగ.

తమిళులకీ ఇలాంటిదుంది. వాళ్ళ పాత వ్యాకరణం తొల్కాప్పియంలోనే దీని ముచ్చట ఉంది. కుఱ్ఱియలుకరం అంటారు, కురచబడ్డ ఉకారం అని. రాతలో మామూలు ఉకారమే, పలికేటప్పుడు పెదవులు చుట్టరు. మూడు ద్రావిడ భాషలు, ఒకే 'ఆరు', చివర మూడు రకాలు. వీటిలో మాట చివరి ఉకారాన్ని పెదవులతో సహా నిండుగా నిలబెట్టుకున్నది మన తెలుగు. ఇంగ్లీషు మాటలకి కూడా బస్సు, కారు, రోడ్డు, ఫోను అని ఉకారం తగిలించి సొంతం చేసుకున్నాం. ఊళ్ళో పెద్దవాళ్ళు ఇలా అంటే నవ్వే పిల్లలు, ఆ ఉకారం వెనక ఇంత కథ ఉందని తెలుసుకుంటే బాగుండు.

సంవృతం అనే ఆ మాట ఇంకా పాతది. పాణిని అష్టాధ్యాయి పేరు వినని తెలుగువాడుండడు. సుమారు నాలుగు వేల సూత్రాలు. ఆ మహాగ్రంథం ఎక్కడ ముగుస్తుందో తెలుసా? ఎనిమిదో అధ్యాయం, నాలుగో పాదం, అరవై ఎనిమిదో సూత్రం. అందులో ఉన్నది ఒకే అచ్చు, రెండుసార్లు. ఆ అచ్చు మన 'అ'. సంస్కృతంలో హ్రస్వమైన అకారం పలికేటప్పుడు నోరు కాస్త మూసుకుంటుంది, అది సంవృతం. దీర్ఘమైన ఆకారానికి నోరు తెరుచుకుంటుంది, అది వివృతం. నిజానికి రెండిటికీ నిడివిలోనే కాదు, గుణంలోనే తేడా. కానీ సంధి సూత్రాలు పనిచెయ్యాలంటే అ, ఆ రెండూ ఒక జాతివి కావాలి. అంచేత పాణిని తన శాస్త్రం జరిగినంతసేపూ అకారాన్ని కూడా తెరిచినదిగానే లెక్క వేసుకున్నాడు. పనంతా అయిపోయాక ఆఖరి సూత్రంలో, 'ఇంతసేపూ తెరిచి ఉంచిన ఆ అకారం మళ్ళీ మూసిన అకారమే' అని యథాస్థానంలో పెట్టేశాడు. అరువు తెచ్చుకున్న గిన్నె తోమి తిరిగిచ్చినట్టు. నోటిలో నాలుక ఎంత ఎత్తున ఉందన్న విషయాన్ని ఒక మనిషి రెండువేల ఏళ్ళకి పైబడ్డ రోజుల్లో అంత పట్టించుకున్నాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

హిందీవాళ్ళ అకారం ఇప్పటికీ ఈ మూసిన పద్ధతిలోనే ఉంది, ఇంచుమించు ష్వా. మన అకారం ఇంకాస్త కిందికి దిగి, తెరుచుకుని ఉంటుంది. కానీ నోటి నడుమే. 1977లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి తెలుగు ధ్వనుల మీద ఒక చిన్న పుస్తకం వచ్చింది. జార్జె కోస్టిచ్, అలోకానంద మిట్టర్, భద్రిరాజు కృష్ణమూర్తి ముగ్గురూ కలిసి రాసింది. ఒక యుగోస్లావియా పండితుడు, ఒక బెంగాలీ, ఒక తెలుగువాడు కలిసి మన అ-ఇ-ఉ ల కోసం కూర్చున్నారంటే సరదాగా లేదూ!

హిందీ అకారంతో మన పిల్లలకి ఇంకో చిక్కుంది. హిందీలో మాట చివర అకారం రాతలో ఉన్నా పలకరు. రాసేది 'రామ', పలికేది 'రామ్'. తెలుగులో రాసిన అకారం ఎప్పుడూ పలకాల్సిందే. ఇక్కడి బడుల్లో హిందీ నేర్చుకున్న పిల్లలు అదే పద్ధతిని తెలుగుకి పట్టిస్తే కడప 'కడప్' అవుతుంది. మన అమ్మాయి కమల పేరుని చివర దీర్ఘం లేకుండా తెలుగులో ఉన్నట్టే హిందీ అక్షరాల్లో రాస్తే, క్లాసులో అది 'కమల్' అయి కూర్చుంటుంది. విమల విమల్ అవుతుంది, అమల అమల్ అవుతుంది. ఒక్క అచ్చు పోయి ఆడపిల్ల మగపిల్లవాడైపోయింది! అందుకే హిందీవాళ్ళు 'కమలా' అని దీర్ఘం ఇచ్చి రాస్తారు. అమెరికాలో 2020 ఎన్నికలప్పుడు కమలా హారిస్ పేరు ఎలా పలకాలో పెద్ద చర్చే జరిగింది. ఆవిడ తన పుస్తకంలో, వాక్యంలో పెట్టే 'కామా' లాగా మొదలుపెట్టమని రాసింది. మన చెవికి అది 'కామల'. మొదటి అక్షరం మీద బరువు పడి సాగింది, మిగతా రెండూ ష్వాలోకి జారాయి. తెలుగులో మూడూ హ్రస్వాలే, మూడూ సమానమే. పేరు ఆవిడది, ఆవిడ చెప్పిందే సరి. అయితే ఒకే పేరు మూడు భాషల్లో అచ్చుల్ని ఎలా సర్దుకుందో చూడ్డానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇక మన ఊళ్ళ స్పెల్లింగులు. రాజంపేట, రాయచోటి వైపునుంచి గల్ఫ్‌కి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ పాత సర్టిఫికెట్ల మీద కడప స్పెల్లింగు సి, యు, డి, డి, ఏ, పి, ఏ, హెచ్ అని ఉంటుంది. 'కడప'లో ఉకారం ఎక్కడుంది? కర్నూలుకి కె, యు అని మొదలెందుకు? కంభానికి సి, యు ఎందుకు? తెల్లవాళ్ళకి మన మాట సరిగ్గా వినపడలేదని చాలామంది అనుకుంటారు. నేనైతే సరిగ్గానే విన్నారంటాను. మన 'క'లో ఉన్న నడిమి అకారానికి వాళ్ళ భాషలో అన్నిటికన్నా దగ్గరగా ఉన్న శబ్దం 'కట్' అనే మాటలో ఉంది, ఆ మాటని వాళ్ళు 'యు'తో రాస్తారు. అందుకని 'యు' పెట్టారు. పంజాబు, పండిట్ స్పెల్లింగుల్లో కూడా అదే 'యు'. సర్ విలియం జోన్స్ 1788లో అచ్చయిన వ్యాసంలో అకారానికి 'ఏ' వాడాలన్నాడు. గిల్‌క్రిస్ట్ లాంటివాళ్ళు 'యు'నే వాడారు. చివరికి విలియం విల్సన్ హంటర్ 1871లో 'ఏ' పద్ధతిని సర్కారు పద్ధతిగా నిలబెట్టాడు, కానీ బాగా వాడుకలో పడిపోయిన పేర్ల జోలికి పోలేదు. కడప ఆ పాత 'యు'ని 2005 దాకా మోసింది. ఆ ఏడాది ప్రభుత్వం స్పెల్లింగుని మన పలుకుబడికి తగ్గట్టు మార్చింది. కర్నూలు ఇంకా 'యు'తోనే ఉంది. తండ్రి కాగితం మీద ఒక స్పెల్లింగు, కొడుకు పాస్‌పోర్టు మీద ఇంకొకటి ఉంటే, అటెస్టేషన్ కౌంటరు దగ్గర రెండూ ఒకే ఊరని చెప్పుకోవాల్సి వస్తే, ఆ గొడవకి మూలం నోటి నడుమ పుట్టిన ఒక చిన్న అచ్చు.

ఇంత దూరం ఎందుకు, మన రాజధాని మస్కట్ స్పెల్లింగు చూడండి. అక్కడా 'యు' ఉంది. అరబ్బీలో మొదటి అక్షరం మీద ఉన్నది అకారమే, మస్ఖత్. ఆ 'యు' కడప 'యు'కి సొంత చుట్టం. మనవాళ్ళు స్పెల్లింగు చూసి 'ముస్కట్' అని రాయకుండా 'మస్కట్' అని రాసి మంచి పని చేశారు.

సువైక్ పేరు కూడా తమాషాగానే ఉంటుంది. అరబ్బీలో 'సూఖ్' అంటే బజారు. 'సువైఖ్' అంటే చిన్న బజారు. మనం 'అల్ సువైక్' అని రాస్తున్నాం కానీ, పలికేటప్పుడు ఆ 'ల్' సకారంలో కలిసిపోయి 'అస్సువైఖ్' అవుతుంది. ఆ ముందున్న 'అ' కూడా గట్టిది కాదు. గల్ఫ్ వాడుకలో అది 'ఇల్' అవుతుంది, ఈజిప్టు ఊళ్ళ పేర్లకి 'ఎల్' అని రాస్తారు. బరువు లేని అచ్చు కదా, ఒక్కో ఊళ్ళో ఒక్కో రంగు. గ్రంథాల అరబ్బీలో 'కితాబ్' అని మూడు పూటలా ఇకారం పలుకుతారు గానీ, చాలా గల్ఫ్ మాండలికాల్లో అది 'క్తాబ్'. మన 'పిల్చాడు' లాగే, ఉంటే ఉంది, లేకపోతే లేదు. అరబ్బీ రాతలో హ్రస్వాచ్చులు మామూలుగా రాయనే రాయరు కాబట్టి ఎవరికీ చెడ్డపేరు రాదు.

తుఫాను పేరొకటి చెప్పి ముందుకి పోదాం. 2021 సెప్టెంబరు 26న శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటిన తుఫాను పేరు గులాబ్. అది దేశం అడ్డంగా దాటి, అరేబియా సముద్రంలో మళ్ళీ ప్రాణం పోసుకుని, అక్టోబరు 3న ఈ బాతినా తీరాన్ని, మన సువైక్ ప్రాంతాన్నే ముంచింది. అప్పుడు దాని పేరు షాహీన్. మన ఊరి తుఫాను మన వెంటే వచ్చిందన్నమాట. ఆ పేరులో రెండూ దీర్ఘాలే, షా, హీన్. ఇంగ్లీషు వార్తలవాళ్ళు బరువంతా 'హీన్' మీద వేసేసరికి 'షా' నడుమకి జారింది. అది విని తెలుగులో 'షహీన్' అని రాసినవాళ్ళున్నారు. 'ఒమాన్'ని 'ఒమన్' అని రాయడం కూడా ఇలాంటిదే, అరబ్బీలో ఆ 'మా'కి దీర్ఘం ఉంది.

సరే, పిల్లల సంగతి చివర్లో చెబుతానన్నాను. పెద్ద పుస్తకాలేమీ అక్కర్లేదు. క్రియలు మూడేసి తీసుకోండి. అడుగుతాను, అడిగాను, అడగను. కలుపుతాను, కలిపాను, కలపను. చదువుతాను, చదివాను, చదవను. పిల్లల చేత అక్షరానికొక చప్పట్లు కొట్టిస్తూ చెప్పించండి. చప్పట్లు సమానంగా పడితే బరువు ఒకే అక్షరం మీద పడే వీలుండదు, బరువు పడకపోతే అచ్చు జారదు. తరవాత అద్దం ముందు 'డు, డి, డ' అనిపించండి. ఒకదానికి పెదవులు చుట్టాలి, ఒకదానికి సాగాలి, ఒకదానికి గడ్డం దిగాలి. మూడిటికీ ముఖం ఒకేలా ఉంటే ష్వా వచ్చేసిందని లెక్క. ఆ తరవాత మీరు పక్కగదిలోకి వెళ్ళి నిలబడండి. 'పంపాను, పంపను, అడిగారు, అడగరు' వాళ్ళిష్టం వచ్చిన వరసలో చెప్పమనండి. మీకు ఏది వినపడిందో కాగితం మీద రాసి, వాళ్ళు అన్నదాంతో పోల్చండి. తాతయ్యతో ఫోనులో ఆడితే ఇంకా బాగుంటుంది. ఫోను గొంతు సన్నగా వస్తుంది కాబట్టి పరీక్ష కొంచెం గట్టిది.

పెద్దవాళ్ళకి ఒకే మాట. డబ్బు సంగతి మాత్రం తెలుగు అక్షరాల్లో కొట్టండి.